తీగను కాచెడి తీగ

అంగుళము పొడవును పావు అంగుళము వ్యాసమును గల ఒక పింగాణి గొట్టము, దాని రెండు కొనలకు తొడిగిన లోహపు టోపీలు, లోపల సన్నని ఇసుక, ఆ ఇసుక నడుమ ఈ కొననుండి ఆ కొనకు సాగిన ఒక తీగ: బ్రిటిష్ ప్లగ్గులోని ఫ్యూజు అనగా ఇంతియే. లండనులోనో, దుబాయిలోనో, సింగపూరులోనో, తరతరములుగా తెలుగువారు కాపురమున్న మలేసియాలోనో తమ పిల్లల ఇండ్లకు పోయిన పెద్దలు, మూడు చదునైన ఇత్తడి కాళ్లతో అరచేతినిండ నుండు అచటి ప్లగ్గును చూచి, ఇంత చిన్న దీపమునకు ఇంత బండ ప్లగ్గేల యని విస్తుపోవుట కద్దు. ఆ బండతనమునకు గల కారణములలో ఈ గొట్టము ఒకటి. మన దేశపు గుండ్రని కాళ్ల ప్లగ్గులో సాధారణముగా ఇట్టిది కానరాదు. అది అక్కడ ఎందులకు చేరినది, దానిమీద ఏ అంకె ఉండవలెను, ఆ అంకె తప్పినచో ఏమగును అను విషయములు ఆ దేశములలో నివసించు మనవారికే గాక, గోడమీది పింగాణి కిట్‌కాట్ ఫ్యూజులతో నేటికిని కాలము గడపుచున్న మన ఇండ్లవారికిని తెలిసియుండదగినవి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మను బాంబుల వలన బ్రిటను నగరములలో లక్షలకొలది ఇండ్లు కూలియో దెబ్బతినియో పోగా, యుద్ధము ముగియకమునుపే, ముందు కట్టబోవు ఇండ్లలో విద్యుత్తు ఏరీతిగ ఉండవలెనో ఆలోచించుటకై 1942లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ పక్షమున ఒక సంఘము ఏర్పడినది. ఇరువదిమంది సభ్యులు గల ఆ సంఘమున ఒకే ఒక స్త్రీ ఉండెను. ఆమె కారొలిన్ హాస్లెట్. గృహిణుల చాకిరిని విద్యుత్తు తగ్గింపగలదని జీవితమంతయు ప్రచారము చేసిన ఈ విదుషి, వంటింటిలో పాకులాడు పసిబిడ్డ సాకెట్టు రంధ్రములో చీలయో సూదియో దూర్చినచో ఏమగునని ఆలోచించి, రంధ్రములకు మూతలుండవలెనని పట్టుబట్టినవారిలో ముఖ్యురాలు. తక్కిన రెండు కాళ్లకంటె పొడవైన ఎర్తు కాలు ముందుగా లోనికి పోయి ఆ మూతలను తెరచు ఏర్పాటు నేటికిని నిలిచియున్నది. (తన కళేబరమును సైతము విద్యుత్తుచేతనే దహింపవలెనని ఆమె వీలునామాలో కోరినదట, విశ్వాసమన్న అట్లుండవలెను.) సంఘపు నివేదిక 1944లో వెలువడినది, దాని ననుసరించి 1947లో బీఎస్ 1363 అను ప్రమాణము ప్రకటితమై, నేటి ప్లగ్గు పుట్టినది.

అయితే ఫ్యూజు ప్లగ్గులోనికి వచ్చుటకు కారణము కారుణ్యము కాదు, రాగి కొఱత. అంతకుమున్ను ఒక్కొక్క సాకెట్టునకు ఒక్కొక్క తీగల జత మెయిన్ బోర్డునుండి విడిగా సాగుచుండెను. ఒక్కొక్క జతకు బోర్డుమీద ఒక ఫ్యూజు ఉండెను. యుద్ధానంతరము అంత రాగి దొరకుట దుర్లభము. కావున ఒకే తీగల జత బోర్డునుండి బయలుదేరి, గదులన్నియు చుట్టి, సాకెట్లన్నింటిని తాకి, మరల ఆ బోర్డునకే చేరునట్లు ఒక వలయమును కల్పించిరి. విద్యుత్తు ప్రతి సాకెట్టునకును ఇరువైపులనుండి చేరును గనుక తీగ మరీ లావుగ నుండనక్కరలేదు. పొదుపు బాగుగనే ఉన్నది; కాని ఆ వలయమునకంతకు బోర్డుమీద ఉండునది ఒకే కాపలా, అదియు 30 ఆంపియర్లది, నేటి లెక్కలో 32 ఆంపియర్లది. మేజామీది దీపమునకు సాగు సన్నని తీగ 3 ఆంపియర్లకు మించి మోయలేదు. ఆ తీగలో దోషము కలిగి 20 ఆంపియర్లు ప్రవహించినను బోర్డుమీది కాపలాదారునకు చీమ కుట్టినట్లయిన నుండదు. కనుక ప్రతి ఉపకరణపు తీగకు దాని మొదటనే, అనగా ప్లగ్గులోనే, దాని శక్తికి తగిన చిన్న ఫ్యూజు ఒకటి పెట్టక తప్పినది కాదు.

ఇక్కడ మనవారిలోనే గాక బ్రిటిష్ వారిలో సైతము చిరకాలముగా పాతుకొనిపోయిన ఒక అపోహను తొలగింపవలసియున్నది. ప్లగ్గులోని ఫ్యూజు టెలివిజనును కాపాడుటకు పెట్టినది కాదు. మిక్సీని కాపాడుటకును కాదు. ముట్టుకొన్న మనుష్యుని కాపాడుటకు అసలే కాదు. అది ప్లగ్గునుండి ఉపకరణమువరకు సాగిన తీగను, ఆ తీగ కాలి నిప్పంటుకొనకుండ, కాపాడుటకు పెట్టినది. ఉపకరణమునకు లోపల దాని ఫ్యూజులు దానికుండును. మనుష్యుని సంగతి వేరు: కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు గుండెగుండ పోయినచో చాలును, ప్రాణము పోవును, 3 ఆంపియర్లనగా 3,000 మిల్లీ ఆంపియర్లు. ఉపకరణపు లోహపు ఒడలికి ఫేజు తగిలినపుడు ఎర్తు తీగగుండ పెద్ద ప్రవాహము పారి ఫ్యూజు ఎగిరిపోవుట వలన మనకు పరోక్షముగా మేలు కలుగును, నిజమే. కాని చేయి నేరుగా ఫేజును తాకినచో ఆ గొట్టము చలింపదు. ఆ పని 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగిపోవు ఆర్‌సీసీబీ అను రక్షక స్విచ్చిది. అది లేని ఇంటిలో ఫ్యూజును నమ్మి తడిచేతులతో హీటరు తాకువాడు వేరొకరి కాపలాను తన కాపలాగా భావించుచున్నాడు.

గొట్టము తీగను కాచుటకే యని గ్రహించిన పిమ్మట అంకె ఎన్నుకొనుట కష్టము కాదు. ఉపకరణము వెనుకనో అడుగుననో అంటించిన పలకమీద వాట్ల సంఖ్య ఉండును. దానిని వోల్టుల సంఖ్యయగు 230చే భాగించినచో ఆంపియర్లు వచ్చును. అరువది వాట్ల బల్బు పావు ఆంపియరు తినును. వంద వాట్ల టెలివిజను అర ఆంపియరునకు లోపు. మూడువేల వాట్ల కెటిలు 13 ఆంపియర్లు. బీఎస్ 1362 అను ప్రమాణముననుసరించి చేయబడు ఈ గొట్టములలో అంగళ్లయందు ప్రధానముగ దొరకునవి రెండు: 3 ఆంపియర్లది, ఎఱ్ఱని అక్షరములతో, 13 ఆంపియర్లది, గోధుమరంగు అక్షరములతో. 5 ఆంపియర్లది నల్లని అక్షరములతో దొరకును గాని దాని వాడుక నానాటికి తగ్గినది. స్థూలముగ చెప్పవలెనన్న, 700 వాట్లకు లోపైనచో 3. అంతకు మించినచో 13. ఈ సూత్రమునకు ఒక్క అపవాదము కలదు. మోటారు గల యంత్రములు, అనగా వాక్యూం క్లీనరు, రెఫ్రిజిరేటరు మున్నగునవి, తిరుగ నారంభించు తొలి క్షణమున తమ ప్రమాణమునకు ఎన్నో రెట్లు గుంజును గనుక, పలకమీది వాట్లు తక్కువైనను 3 ఆంపియర్ల గొట్టము మాటిమాటికి ఎగిరిపోవుచుండును. అట్టివానికి తయారుచేసినవారు 13 చెప్పియున్నచో 13 వేయుట తప్పు కాదు, వారు తీగను అందుకు తగినట్లే అమర్చియుందురు.

లోకమున జరుగునది మాత్రము వేరు. దశాబ్దములపాటు బ్రిటనులో ఉపకరణములను ప్లగ్గు లేకయే, తీగ చివర ఊరక వదలి అమ్ముచుండిరి. కొన్నవాడు ప్లగ్గు వేరుగ కొని తానే బిగించుకొనవలెను. అంగడిలోని ప్లగ్గులలో ఎక్కువగా 13 ఆంపియర్ల గొట్టమే ముందుగా వేసియుండెను. దానిని తీసి 3 వేయు ఓపిక ఎందరికుండును? ఫలితముగ గడియారమునకును 13, రేడియోకును 13, పడకగది దీపమునకును 13. చిట్టెలుకను పట్టుటకు ఏనుగు బోను పెట్టినట్లు. 1994 నాటి నిబంధనలచే ఉపకరణమును తగిన ప్లగ్గుతో, అందు తగిన ఫ్యూజుతో బిగించియే అమ్మవలెనని శాసించినప్పటినుండి ఈ రోగము తగ్గినది గాని, ఎగిరిపోయిన ఫ్యూజు స్థానమున వంటింటి సొరుగులో దొరకిన ఏదో గొట్టమును దూర్చు మనుష్య స్వభావము ఏ శాసనమునకును లొంగునది కాదు.

తప్పు అంకె వలన కలుగు అనర్థమును లెక్కతోనే చూడవచ్చును. తీగలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును. ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింతలు. అర చదరపు మిల్లీమీటరు తీగ మోయదగినది 3 ఆంపియర్లు. దీపపు హోల్డరులోనో, తీగ నలిగిన చోటనో దోషము కలిగి 15 ఆంపియర్లు పారుచున్నవనుకొందము. వేడి ఇరువదియైదింతలు. ప్లగ్గులో 3 ఆంపియర్ల గొట్టమున్నచో అది కొద్ది సెకనులలో కరగి కథ ముగించును. 13 ఆంపియర్లదున్నచో? ఇచట చాలమందికి తెలియని రహస్యమొకటి కలదు: 13 అని వ్రాసిన గొట్టము 13 దాటగానే కరగదు, 20 ఆంపియర్లను సైతము అర్ధగంటకు పైగా ఓర్చుకొనునట్లు దానిని నిర్మింతురు, లేనిచో ప్రతి చిన్న ఉద్ధృతికిని అది ఎగిరిపోవుచుండును. కనుక మన 15 ఆంపియర్లు దానికి లెక్కలేదు. తీగ పైతొడుగు మెత్తబడును, కారును, పరుపునకో తెరకో తగులును. గొట్టము మాత్రము చెక్కుచెదరక యుండును. ఎక్స్‌టెన్షను పెట్టెకు 2,000 వాట్ల హీటర్లు రెండు తగిలించి, ఫ్యూజు పోలేదు గనుక అంతయు క్షేమమని భావించువారి సంగతియు ఇట్టిదే: ఆ రెండును కలిసి గుంజు 17 ఆంపియర్లకు ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడెక్కును గాని ఫ్యూజు గంటలకొలది నిలువవచ్చును. ఎక్స్‌టెన్షను తీగ చుట్టగ చుట్టియుండగా వాడినచో వేడి పోవు దారి లేక మరింత ప్రమాదము; పూర్తిగ విప్పియే వాడవలెను.

ఇక ప్లగ్గును విప్పి చూతము. సాకెట్టునుండి పెఱికిన ప్లగ్గును కాళ్లు క్రిందికుండునట్లు, ఎర్తు కాలు మీకు దూరముగ పై వైపున ఉండునట్లు పట్టుకొని మూత తీసినచో, కుడిచేతివైపున ఫ్యూజు రెండు ఇత్తడి బిగింపుల నడుమ పరుండియుండును. అది కుడివైపుననే, అనగా ఫేజు మార్గముననే ఉండవలెను. న్యూట్రలు మార్గమున నున్నచో ఫ్యూజు పోయినను ఉపకరణములో ఫేజు నిలిచియే ఉండి, ఆగిపోయినదని చేయి పెట్టినవానిని పట్టుకొనును. మన ఇండ్లలో ఫేజునకు ఎఱుపు, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు పచ్చ అలవాటు. ఒకప్పుడు బ్రిటనులోను అంతే. కాని 1970 ప్రాంతమున ఉపకరణపు తీగల రంగులు మారినవి: గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు, పచ్చ పసుపు చారలది ఎర్తు. గోధుమ కుడికి, నీలము ఎడమకు, చారలది పైకి. ఎర్తు తీగను తక్కిన రెండింటికంటె కొంచెము పొడవుగ, వదులుగ విడువవలెను. ఎవరైన తీగను పట్టి గుంజినపుడు ముందు ఫేజు ఊడవలెను, కడపట గాని ఎర్తు ఊడరాదు. క్రిందనుండు బిగింపు తీగ యొక్క పైతొడుగును పట్టుకొనవలెను గాని లోని సన్నని రంగు తీగలను కాదు. పోగుల చివరలకు సీసము కరగించి అతికించుట కొందరు నేర్పరితనమనుకొందురు. ఆ మెత్తని లోహము స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగ అణగి, బిగింపు వదులై, వేడికి మూలమగును. పోగులను చక్కగా మెలివేసి బిగించుటయే మేలు.

తెల్లని పింగాణి గొట్టము పోయినదో ఉన్నదో చూచినంత మాత్రమున తెలియదు. మీటరు లేనివారికి పాతకాలపు లోహపు టార్చిలైటు చాలును: దాని అడుగు మూత తీసి, బ్యాటరీ చివరకును టార్చి అంచునకును నడుమ గొట్టమును అడ్డముగ తాకించినచో, టార్చి వెలిగిన గొట్టము మంచిది, వెలుగకున్న పోయినది. పోయినది గనుక క్రొత్తది వేయుటకు తొందరపడక, ఏల పోయినదని ఒక్క నిమిషము ఆలోచింపవలెను. రెండవది కూడ వెంటనే పోయినచో దోషము గొట్టమున లేదు, ఉపకరణమున ఉన్నది. గొట్టము పోలేదు గాని దాని బిగింపులు మాడి నల్లబడియున్నచో అది వదులైన పట్టు లక్షణము. కెటిలు, హీటరు మున్నగు బరువు యంత్రముల ప్లగ్గులలో ఇది తరచుగ కనబడును. అట్టి ప్లగ్గును పారవేయవలెను. అచ్చుపోసిన ప్లగ్గును కోసి తీసినచో దానిని చెత్తలో అట్లే వదలక కాళ్లు విరుగగొట్టవలెను. కొన తెగిన తీగతో అది పిల్లల చేతికి చిక్కి సాకెట్టునకెక్కినచో ప్రాణాపాయము.

గొట్టములో ఇసుక ఏలయని అడుగువారుందురు. తీగలు నేరుగా కలిసి షార్టయిన క్షణమున ప్రవాహము వేలకొలది ఆంపియర్లకు ఎగబ్రాకును. కరగిన తీగ స్థానమున నిప్పుమెఱుపు పుట్టి దానిగుండ విద్యుత్తు పారుచునే ఉండును. ఇసుక ఆ మెఱుపును ఆర్పివేయును. 6,000 ఆంపియర్లవరకు ఇట్లు త్రెంపగల శక్తి ఆ చిన్న గొట్టమునకు ఉండవలెనని ప్రమాణము శాసించుచున్నది. సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితము చుట్టుటయు, గొట్టమంత మేకు ముక్కను ఇఱికించుటయు ఎంతటి సాహసమో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఇసుక లేని దొంగ గొట్టములను పైకి అచ్చము అట్లే చేసి కారుచౌకగా అమ్మువారును ఉన్నారు. తెలిసిన అంగడిలో కొనుటకంటె వేరు మందు లేదు.

విమానమెక్కు మన ఆడపడుచుల పెట్టెలలో ఆవకాయ తరువాతి స్థానము మిక్సీది. అచటి విద్యుత్తును మన విద్యుత్తును ఒకే ఒత్తిడి, 230 వోల్టులు; ఆవృత్తియు ఒకటే, 50 హెర్ట్జులు. కావున మిక్సీ అక్కడ నిక్షేపముగ తిరుగును. త్రీపిన్ టాపు మాత్రము పట్టదు. బజారులో దొరకు సర్వదేశీయ అడాప్టరు దూర్చి పని గడపుకొనువారు, చవుకరకపు అడాప్టరులలో ఫ్యూజే ఉండదనియు, అపుడు మిక్సీ తీగకు 32 ఆంపియర్ల బోర్డు కాపలా తప్ప మరేమియు లేదనియు ఎఱుగరు. మన టాపును కోసి తీసి బ్రిటిష్ ప్లగ్గును బిగించుటయే సరియైన మార్గము. 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్లకు కొంచెము పైగా తినును; మినపపప్పు రుబ్బునపుడు, తిరుగ నారంభించునపుడు ఇంకను గుంజును. 3 నిలువదు. 5 దొరకినచో అది వేసి చూడవలెను. అదియు పోవుచున్నచో, తీగ ముప్పాతిక చదరపు మిల్లీమీటరునకు తగ్గనిదని రూఢి చేసికొని 13 వేయవచ్చును.

మన ప్లగ్గు పుట్టుకయు బ్రిటనుదే. 1934 నాటి బీఎస్ 546 అను ప్రమాణపు గుండ్రని కాళ్ల ప్లగ్గును వారు తమ ఇండ్లలో విడిచిపెట్టినను మనము విడువలేదు. నేటికి మన పనివారు ఐదు ఆంపియర్ల ప్లగ్గు, పదిహేను ఆంపియర్ల పవర్ ప్లగ్గు అనుచునే ఉన్నారు, పుస్తకములో అవి 6, 16 అయినను. మనకు వలయము లేదు. బోర్డునుండి విడివిడిగ తీగలు సాగును. కావున ప్లగ్గులో ఫ్యూజు అవసరము లేకపోయినది. కాని ఈ న్యాయము బోర్డుమీది కాపలా సరియైనదైనపుడే చెల్లును. క్రొత్త ఇండ్లలో ఎంసీబీలు, అనగా తమంత తామే తెగు స్విచ్చులు, వచ్చినవి. పాత ఇండ్లలో, పల్లెలలో, అద్దె వాటాలలో పింగాణి కిట్‌కాట్‌లే ఉన్నవి. వానిలో ఏమున్నదో ఇంటివానికి తెలియదు.

సాధారణముగా ఉండునది ఇది. రాత్రి ఫ్యూజు పోవును, అంగళ్లు మూసియుండును, పాత 23/76 తీగ ముక్కను చీల్చి, అందులోని నాలుగైదు రాగి పోగులను కలిపి మెలివేసి స్క్రూలకు చుట్టి, ఇక ఇది పోదులే యని ఇంటాయన చేతులు దులుపుకొనును. ఆయన మాట నిజమే, అది పోదు. తగరపు పూత గల 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ మందము 0.20 మిల్లీమీటరు; 10 ఆంపియర్లది 0.35, 15 ఆంపియర్లది 0.50. ఆ పాత తీగలోని ఒక్క పోగు మందము దాదాపు 0.19. అనగా ఒంటి పోగే ఇంచుమించు 5 ఆంపియర్ల ఫ్యూజుతో సమానము. అసలైన 5 ఆంపియర్ల తీగయే కరగుటకు దాదాపు రెండింతల ప్రవాహము కావలెనన్న, నాలుగైదు పోగుల మెలిక కరగులోపల గోడలోని తీగయే కాలిపోవును. కొన్ని పాత బోర్డులలో ఫేజునకును న్యూట్రలునకును చెరియొక కిట్‌కాట్ కనబడును. న్యూట్రలుది పోయినపుడు ఇంటిలో దీపములన్నియు ఆరి, తీగలలో ఫేజు మాత్రము నిలిచియుండును. అట్టి బోర్డును లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే మార్పింపవలెను.

పాఠకులకు ఒక మనవి. ఈ దినము పగటివేళ, మెయిన్ స్విచ్చి ఆపి, టెస్టరుతో సరిచూచి, మీ కిట్‌కాట్‌లను ఒక్కొక్కటిగ పీకి చూడుడు. అందు మెలివేసిన రాగి పోగులున్నచో తీసివేయుడు. ఫ్యూజు తీగ ఎలక్ట్రికల్ దుకాణములలో అట్టకు చుట్టి అమ్ముదురు, ఖరీదు అత్యల్పము. దీపములు, ఫ్యానుల వరుసకు 5 ఆంపియర్లదియు, పవర్ ప్లగ్గు వరుసకు 15 ఆంపియర్లదియు, పింగాణి గాడిగుండ మరీ బిగువుగా గాని వదులుగా గాని కాక పోనిచ్చి, స్క్రూ తిరుగు దిక్కుననే చుట్టి బిగింపుడు. మిగిలిన తీగ అట్టను బోర్డు ప్రక్కనే మేకునకు తగిలించి ఉంచుడు.